వస్తానన్న మాట

ఆటిజం ఉన్న పిల్లలకు చదువు చెప్పే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. మరబొమ్మలతో పాఠాలు చెప్పించడం గురించి అడుగుతారు. ఏది మంచిది, ఎంతసేపు ఆడించాలి, పిల్లలు దానికే అంటుకుపోతే ఎట్లా అని. వాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. నేను రిటైరైన ఈ కొద్ది కాలంలోనే ఆ బొమ్మల రకాలన్నీ మారిపోయాయట. అయితే ఒక మాట గురించి మాత్రం చెప్పగలను. అది రెండక్షరాల మాట. పొద్దున లేచింది మొదలు మీరూ నేనూ ఆలోచించకుండా అనేదే. దాని మూలంగా ఒక పిల్లాడి చదువు ఆగిపోబోయింది.

మాది నెల్లూరు జిల్లా. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. పిల్లల్లేరు. మా ఆయన పోయాక ఊళ్లో ఉండబుద్ధి కాక, చేతిలో ఉన్న ప్రత్యేక విద్య డిగ్రీ పట్టుకుని అబుదాబి వెళ్లాను. అక్కడ ఒక ప్రైవేటు సెంటర్లో టీచరు ఉద్యోగం. ఉండడం ముగ్గురు ఫిలిప్పీన్స్ నర్సులతో కలిసి ఒక ఫ్లాటులో. మంచి పిల్లలే, కానీ వాళ్ల డ్యూటీలు వాళ్లవి. ఒకరు నిద్రపోతుంటే ఒకరు బయల్దేరుతుంటారు. నేను వంటింట్లో ఉంటే ‘బై సిస్’ అని వినపడేది, తలుపు చప్పుడయ్యేది. అంతే. సెంటర్లో ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ. తెలుగు మాట్లాడాలంటే ఫోన్ చెయ్యాలి. ఫోన్ చెయ్యాలంటే అవతల ఎవరన్నా ఉండాలి. మా ఆయన పోయాక ఆ అవతలివాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు.

కరోనా కాస్త తగ్గి సెంటర్ మళ్లీ తెరిచిన రోజుల్లో మరబొమ్మ వచ్చింది. అప్పుడు టీచర్లందరం మాస్కులు వేసుకుని, పైన ప్లాస్టిక్ తెర తగిలించుకుని తిరిగేవాళ్లం. అసలే ముఖం చూసి మనసు కనిపెట్టడం కష్టమైన పిల్లలు. వాళ్లకు ఇప్పుడు మా ముఖాలే లేకుండా పోయాయి. బొమ్మ మోకాలెత్తు ఉంటుంది. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, గుండ్రటి కళ్లలో దీపాలు. చేతులెత్తుతుంది, తలూపుతుంది, బంతి తోస్తుంది. మొత్తం సెంటర్లో మాస్కు లేని ముఖం దానిదొక్కటే. దాన్ని అందరూ ‘హబీబీ’ అని, అరబ్బీలో ‘బంగారం’ అని ముద్దుగా పిలిచేవాళ్లు. నన్నెవరూ అలా పిలిచిన పాపాన పోలేదు.

అది తనంతట తాను ఆలోచించేదేమీ కాదు. అద్దం వెనక గదిలో ఒక కేరళ కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని మా ఆట చూస్తూ మీట నొక్కితే మాట్లాడుతుంది. విసుక్కోదు, గొంతు పెంచదు. నిన్న ఒక మాట ఎలా అందో ఇవాళా అలాగే అంటుంది. ఈ పిల్లలకు మనుషుల దగ్గర దొరకనిది ఆ నిలకడే. ముందు బొమ్మతో ఆడి, వంతులు పాటించడం, అడగడం, జవాబివ్వడం నేర్చుకుంటే, తర్వాత మెల్లగా మనుషుల వైపు తిప్పాలి. అదీ లెక్క.

ఆ పిల్లాడికి ఆరేళ్లు. జగిత్యాల వైపు కుటుంబం. తండ్రి పడమర దిక్కున రువైస్‌లో, ఆయిల్ ప్లాంట్లలో పరంజీలు కట్టించే ఫోర్‌మన్. అక్కడే క్యాంపులో ఉంటూ రెండు వారాలకోసారి ఇంటికి వస్తాడు. తల్లీ కొడుకూ ముసఫ్ఫాలో, గ్యారేజీలు దాటాక ఉండే షాబియాలో ఒక చిన్న ఫ్లాటులో ఉండేవాళ్లు. పిల్లాడు మాట్లాడడు. కావలసింది ఉంటే తల్లి చెయ్యి పట్టుకుని దాని మీద పెడతాడు.

మొదటి రోజు తల్లిని నేను ఇంగ్లీషులో ఏదో అడుగుతుంటే ఆ అమ్మాయి నా యాస పట్టేసింది.

“మేడం, మీరు తెలుగోళ్లా?”

“అవునమ్మా, నెల్లూరు.”

“అయ్యో, గిప్పటిదాంక ఇంగ్లీషుల సతాయిస్తిరి గద!” అని నవ్వింది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, “వస్త మేడం” అంది.

ఏముంది అందులో? మన ఊళ్లో కూరగాయలవాడు కూడా అంటాడు. కానీ నేను ఆ మాట విని ఏళ్లయింది. ఆ అమ్మాయి లిఫ్టెక్కి వెళ్లిపోయాక కూడా గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆ సాయంత్రం బస్సులో ఒంటరితనం ఎందుకో ఎక్కువగా అనిపించింది.

మొదట్లో బొమ్మ ఇంగ్లీషులోనే మాట్లాడేది. పిల్లాడు దాని కళ్లలో దీపాలు చూసేవాడు, బంతి తోసేవాడు, అంతకు మించి ఏమీ లేదు. ఇంట్లో వినే భాష తెలుగు కదా, తెలుగులో చెప్పించి చూద్దామన్నాను. మా ముదీరా, అంటే సెంటర్ పెద్దావిడ, జోర్డాన్ మనిషి. ఒప్పుకుంది. బొమ్మకు తెలుగు రాదు కాబట్టి మాటలు నా గొంతుతో రికార్డు చేసి అందులో పెడదామన్నాడు కేరళ కుర్రాడు.

తలుపులు మూసిన గదిలో మైకు ముందు కూర్చున్నాను. ‘ఇప్పుడు నా వంతు.’ ‘ఇప్పుడు నీ వంతు.’ ‘బంతి ఇయ్యి.’ ‘శభాష్.’ చివర వీడ్కోలు. ఇంగ్లీషులో దానికి ‘బై బై’ అని ఉండేది. నేను ఏమాత్రం ఆలోచించకుండా “వస్తా నాయనా” అన్నాను. అక్కడే ఉన్న తల్లి ఫక్కున నవ్వింది.

“మేడం, మా దిక్కు నాయిన అంటె తండ్రి. బొమ్మ వీన్ని పట్టుకోని నాయినా అంటదా?”

“మరేమనాలి?”

“బిడ్డా అనున్రి. వాళ్ల డాడీ గట్లనే అంటడు.”

“వస్తా బిడ్డా” అని మళ్లీ చెప్పాను. తృప్తిగా అనిపించక ఇంకోసారి చెప్పాను, మరోసారి చెప్పాను. కుర్రాడు “చాలు చేచ్చీ, బాగానే వచ్చింది” అన్నా వినలేదు. నన్నతను చేచ్చీ అనేవాడు, వాళ్ల భాషలో అక్క. నిజం చెప్పాలంటే ఆ మాట రికార్డు చేసింది పిల్లాడి కోసమో నా కోసమో ఇప్పటికీ చెప్పలేను. వాడి ఆట ఉండే ఆది, మంగళవారాల్లోనైనా ఆ భవనంలో ఎవరో ఒకరు ‘వస్తా’ అంటారు కదా అనిపించింది. ఆ ఎవరో బొమ్మ, ఆ గొంతు నాదే. అయినా సరే.

తెలుగు పని చేసింది. బొమ్మ “ఇప్పుడు నీ వంతు” అనగానే పిల్లాడు తలెత్తాడు. కొన్ని వారాలకు బంతి తోసి, బొమ్మను చూసి, “నీ వంతు” అన్నాడు. నా గొంతులో ఉన్న సాగతీతతో సహా అన్నాడు. అద్దం వెనక తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కేరళ కుర్రాడు లేచి నిలబడ్డాడు. నేనూ సంతోషించాను కానీ ఎక్కడో ఒక ముల్లు ఉండేది. పక్కనే కూర్చుని అదే మాట అదే గొంతుతో నేనంటే వాడు నా వైపు చూసేవాడు కాదు. నా గొంతును ప్రేమించాడు, నన్ను కాదు. సవతి పోరు అంటారే, అది నాకు నాతోనే వచ్చిపడింది.

అసలు గొడవ ఆట ముగిసే దగ్గర మొదలైంది. బొమ్మ “వస్తా బిడ్డా” అని తల వంచి కూర్చుంటుంది, కళ్లలో దీపాలు ఆరిపోతాయి. పిల్లాడు దాని ఎదురుగా అలాగే కూర్చుంటాడు. లేపితే లేవడు. చెయ్యి పట్టుకుంటే తన మణికట్టు తనే కొరుక్కుంటాడు, గోడకు తల కొట్టుకుంటాడు. ఇంగ్లీషు రోజుల్లో ఇదేమీ లేదు. ప్రతిసారీ ఇద్దరం పట్టుకుని బయటికి తేవలసి వచ్చేది. ఒకరోజు నుదురు చిట్లింది.

కారణం కోసం మేం చెయ్యని పని లేదు. దీపాలు ఒక్కసారిగా ఆరడం భయమేమోనని మెల్లగా ఆరేలా మార్చారు. మోటారు చప్పుడు తగ్గించారు. తివాచీ రంగు మార్చారు. నేను ముందుగా ‘ఆట అయిపోవచ్చింది’ అని బొమ్మల కార్డు చూపించడం మొదలుపెట్టాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని సామెత. మా వెతుకులాట సరిగ్గా అదే.

ముదీరా నన్ను పిలిచింది. “తెలుగుతో మాటలొచ్చాయి, ఒప్పుకుంటాను. కానీ బొమ్మ మీద మమకారం ఎక్కువైంది. విడిచి ఉండలేకపోతున్నాడు. తలకు దెబ్బ తగిలితే బాధ్యులెవరు? గురువారం మీటింగులో ఆపేద్దాం. ఖలాస్.” ఆవిడ కఠినురాలు కాదు. నుదురు చిట్లిన రోజు ఐసుగడ్డ పట్టుకుని పిల్లాడి పక్కన నేల మీద కూర్చున్నది ఆవిడే.

మంగళవారం ఆట అయ్యాక, ఏడుపు సద్దుమణిగాక, తల్లికి ఆ సంగతి చెప్పాను.

“పుట్టినకాన్నుంచి నన్ను అమ్మా అనలె మేడం. బొమ్మతోనన్న మాట్లాడుతుండు గదా అని సంబురపడ్డ. అది గూడ తీసేస్తె వీని నోరు మళ్లా మూసుకపోతది” అంది.

లిఫ్టు దాకా వెళ్లాను. తలుపు తెరుచుకుంది, తల్లీ పిల్లాడూ ఎక్కారు. “సరేనమ్మా, వస్తా” అని వెనక్కి తిరిగాను.

లిఫ్టు తలుపు మూసుకోలేదు. పిల్లాడు తలుపుకు కాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. నా ముఖం చూడటం లేదు, నా చెప్పుల వంక చూస్తున్నాడు. లిఫ్టు కుయ్యిమని మొరపెడుతోంది. తల్లి లాగింది. మణికట్టు నోట్లోకి పోయింది. పట్టుకుందామని నేను లోపలికి అడుగు పెట్టానో లేదో, వాడు కాలు తీసేశాడు. చెయ్యి నోట్లోంచి తీసి, బుద్ధిగా గోడకానుకుని నిలబడ్డాడు. తలుపు మూసుకుంది.

కింద పార్కింగు దాకా వెళ్లాం. ఏం జరిగిందో నాకప్పటికీ అర్థం కాలేదు. “పోయి రండమ్మా, నేను వస్తా” అని తిరిగాను. పిల్లాడు మళ్లీ ఆగిపోయాడు. ఎండలో, నా చెప్పుల వంక చూస్తూ, కదలకుండా.

అప్పుడు అర్థమైంది. వాడు రమ్మనడం లేదు. వస్తానన్నాను కదా, ఎదురు చూస్తున్నాడు.

బొమ్మ అన్నా అంతే, నేనన్నా అంతే అని తల్లికి చెప్పాను. చెబుతుంటేనే ఆ అమ్మాయి అక్కడే మెట్టు మీద కూలబడింది.

“వాళ్ల డాడీ గూడ గట్లనే మేడం. ‘వస్త బిడ్డా’ అనుకుంటనే పోతడు రువైస్‌కు. వీడు తలుపుకాడ కూసుంటడు. బువ్వ తినడు, పండడు. మొండోడు అని కొట్టిన మేడం. ఎన్నిసార్లు కొట్టిన్నో.” పిల్లాణ్ణి దగ్గరికి తీసుకోబోయింది. వాడు తీసుకోనివ్వలేదు. ఇంకా నా చెప్పులే చూస్తున్నాడు. ఇద్దరం ఏడ్చాం. ఏడ్చి లాభం లేదని నేనే వాళ్లతో రోడ్డు దాకా నడిచి, టాక్సీ ఎక్కించి, ఈసారి నోరు మూసుకుని చెయ్యి మాత్రం ఊపాను.

గురువారం మీటింగులో ఈ మాట చెప్పగానే కేరళ కుర్రాడు నుదురు కొట్టుకున్నాడు. “మేమూ పోయిట్టు వరాం అంటాం, పోయొస్తానని, చేచ్చీ! వెళ్తూ పోతున్నానంటే మా అమ్మ చంపేస్తుంది!” మా ఇంటి ఉర్దూలోనూ అంతే, బయటికి వెళ్తూ ‘ఆతీ’, వస్తున్నా, అంటాం గానీ ‘జాతీ’, పోతున్నా, అనం. ముదీరాకు మాత్రం ఎంతకీ మింగుడు పడలేదు.

“వెళ్లేటప్పుడు వస్తున్నానంటారా? అందరూ?”

“అందరూ.”

“మరి మీకెలా తెలుస్తుంది, ఎవరు వెళ్తున్నారో, ఎవరు వస్తున్నారో?”

మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. ఎప్పుడూ ఎవరూ అడగలేదు మరి. ఆవిడ కాసేపు నవ్వి, శుక్ర, శనివారాల సెలవు అయ్యాక ఆదివారం ఒక్క అవకాశం ఇస్తానంది. ఆ రోజు కూడా పిల్లాడు తల కొట్టుకుంటే బొమ్మ వేరే పిల్లలకు వెళ్లిపోతుంది.

మాట మార్చడం ఎంతసేపు అనుకున్నాను. తల్లికి ఫోన్ చేస్తే ఒప్పుకోలేదు.

“పోతున్న అని చెప్పిస్తరా? వద్దు మేడం. వాళ్ల డాడీ గంత ఎత్తుల పరంజీల మీద తిరిగెటోడు. ఇంట్ల గా మాట పుట్టొద్దు.”

“ఇది బొమ్మ అనేదమ్మా.”

“బొమ్మ అన్నదే వీడు అంటడు గద. రేపు వాళ్ల డాడీ పోయేటప్పుడు ముంగట నిలవడి అంటె?”

ఆమెను తప్పుపట్టలేను. నాకూ చేతకాలేదు. మైకు ముందు కూర్చుని ‘వెళ్తున్నాను’ అనబోతే నోటికి ‘వస్తా’నే వచ్చింది, మైకు కట్టేసి లేచాను. మా ఆయన ఆపరేషన్ గదిలోకి వెళ్తూ కూడా వస్తాననే అన్నాడు. రాలేదు, అయినా ఆ మాట నాకు మిగిలింది. ఆయన ‘వెళ్తున్నాను’ అని ఉంటే నేను ఎలా బతికేదాన్నో తెలియదు. అబద్ధమే మనకు ఆసరా అయిన చోట, అదే అబద్ధం ఆ పిల్లాణ్ణి తలుపు దగ్గర కూర్చోబెడుతోంది. శనివారం తల్లే ఫోన్ చేసింది. “అనిపియ్యున్రి మేడం. తల పగులగొట్టుకునుడు కన్న నయమే గదా” అంది.

చివరికి ఆటకు ముందు మైకులో మూడు వాక్యాలు చెప్పాను. ‘ఆట అయిపోయింది, నేను వెళ్తున్నాను. ఇవాళ రాను. మంగళవారం వస్తాను.’

ఆదివారం అద్దం వెనక ముదీరా, తల్లి, కుర్రాడు. లోపల నేనూ పిల్లాడూ బొమ్మా. ఆట మామూలుగా సాగింది. ‘నీ వంతు’, ‘నా వంతు’. బొమ్మ నా గొంతుతో ఆ మూడు వాక్యాలూ చెప్పింది, తల వంచింది, దీపాలు ఆరాయి.

పిల్లాడు కూర్చునే ఉన్నాడు. గోడ వైపు నేను జరిగాను, తల కొట్టుకుంటే చెయ్యి అడ్డం పెడదామని. వాడు తల కాస్త పక్కకు వంచాడు. “ఇవాళ రాను” అన్నాడు, బొమ్మతో కాదు, నాతో కాదు, తనలో తాను. లేచాడు. తన బూట్లు తెచ్చుకున్నాడు. ఒకటి తప్పు కాలికి తొడుక్కుని, తలుపు తెరుచుకుని వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు.

అద్దం వెనక చప్పట్లు వినపడ్డాయి. నేను నేల మీద అలాగే ఉండిపోయాను, ఆరిపోయిన బొమ్మ పక్కన.

తర్వాతిసారి తండ్రి సెలవుకు వచ్చి తిరిగి బయల్దేరినప్పుడు అతనూ ఆ మాట అనాల్సి వచ్చింది. బస్సులో కూర్చుని నాకు ఫోన్ చేశాడు. “నోటికెల్లి రాలె మేడం. చెప్పులేసుకోని, మల్ల ఇడిసి, మల్ల ఏసుకున్న. ఆఖరికి అన్న. ‘పోతున్న బిడ్డా, గియ్యాల రాను’ అని.”

“ఏం చేశాడు?”

“తలుపేసిండు మేడం. నేను బయటనే ఉన్న, వాడు లోపలికెల్లి గొళ్లెం పెట్టిండు. పోయి బువ్వ తిన్నడట.” బస్సు కదిలినట్టుంది, ఇంజను చప్పుడులో గొంతు పెంచాడు. “మంచిదే గని మేడం, ఇన్నేండ్లు నా కోసం ఎవలో ఒకలు తలుపుకాడ కూసుండిరి.”

ఈ పనిలో గెలుపు ఇలాగే ఉంటుందని మీకు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పిల్లవాడికి మన మీద ఆధారపడటం తగ్గితే అది మన విజయం, ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేది మనం ఒక్కళ్లమే.

ఆ ఏడాది పిల్లాడు బాగా ముందుకు వచ్చాడు. బొమ్మతో ఆట తగ్గించి, బంతి అవతల తల్లిని కూర్చోబెట్టాం. నేర్పితే ‘అమ్మ వంతు’ అన్నాడు. ఆ అమ్మాయికి అది చాలు. నన్ను మాత్రం ఏమీ పిలవలేదు. పక్కన కూర్చునేవాడు, నా చేతిలోంచి కార్డు తీసుకునేవాడు, అంతే.

ఏడాది చివర ప్లాంటులో పని అయిపోయింది. తండ్రిని కంపెనీ సౌదీ పంపింది. అక్కడికి కుటుంబాన్ని తీసుకుపోయే వీలు లేదు కాబట్టి తల్లీ కొడుకూ జగిత్యాల బయల్దేరారు. చివరి రోజు ఆదివారమే. ఆ అమ్మాయి నన్ను పట్టుకుని ఏడ్చింది. పిల్లాడికి అన్నీ ముందే చెప్పానంది: విమానం, ఊరు, ఇక ఈ బడి లేదని. లిఫ్టు వచ్చింది.

పిల్లాడు నా ఎదురుగా నిలబడ్డాడు. చెప్పుల వంక కాదు, తెర వెనక ఉన్న నా ముఖం వంక చూశాడు. నా గొంతులోని సాగతీతతో, నా నెల్లూరు యాసతో మొదలుపెట్టాడు.

“నేను వెళ్తున్నాను. ఇవాళ రాను.”

ఆగాడు. మూడో వాక్యం నాకు కంఠతా వచ్చు, నేను చెప్పిందే. మాస్కు కింద నా పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ ఒక్క వాక్యం వాడి నోటి నుంచి వింటే చాలనుకున్నాను, అది నిజం కాకపోయినా సరే. వాడు తల పక్కకు వంచి ఆలోచించాడు.

“మంగళవారం రాను” అన్నాడు.

అది మేమెవరమూ రికార్డు చెయ్యలేదు. ఎవరూ నేర్పకుండా వాడు సొంతంగా కట్టుకున్న మొట్టమొదటి వాక్యం అదే. టీచరుగా నా జీవితమంతటిలో అంతటి మాట మరొకటి వినలేదు.

“సరే, వెళ్లు” అన్నాను. ‘వెళ్లిరా’ అనలేదు.